ఇనప చీకటి

ఇనుము పని చేసినవాళ్ళని మొదట ఇదే అడుగుతాను:
"కంట్లో ఎప్పుడైనా రజను పడిందా?"
సతుర్నీనో ఎలోర్దుయ్ నవ్వలేదు.
ఆ మొహానికి జబ్బు మూడేళ్ళ కిందటే గడియ వేసింది.
"పడని రోజేదో అడగండి, అది తేలిక" అన్నాడు
పెదవి దాటని గొంతుతో.
బిల్బావ్‌లో, ఏటి ఒడ్డున,
ముప్ఫయ్యెనిమిదేళ్ళు ఓడ రేకులకి సాన పట్టిన మనిషి.

అందుకని ముందు కళ్ళకి ఎక్స్‌రే.
మా అయస్కాంతం ఊరుకునే రకం కాదు,
కనుగుడ్డు వెనక నక్కిన పిసరంత ఇనుముని కూడా
పేరు పెట్టి పిలుస్తుంది.
ఏమీ లేదు.
సబ్బు నీళ్ళు రాసి ఉంగరం తీయించాం. బెల్టు తీయించాం.
జేబులో ఒక మేకు దొరికింది,
ఎందుకుందో ఆయనకీ తెలీదు.

గొట్టంలోకి వెళ్ళాక కుడిచెయ్యి మొదలుపెట్టింది.
రెండుసార్లు బొమ్మ చెదిరింది.
మూడోసారి మత్తిచ్చారు.
ఆయన నిద్రపోయాడు, చెయ్యీ నిద్రపోయింది.
నిద్రలో ఈ వణుకు ఎక్కడికి పోతుందో
పందొమ్మిదేళ్ళుగా బొమ్మలు తీస్తున్నాను,
ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

అప్పుడు కనిపించాయి
మెదడు అడుగున, అటొకటి ఇటొకటి,
చిక్కుడు గింజల్లాంటి రెండు నలుపులు.
అక్కడ ఇనుముంటుంది, అందుకే నలుపు.
అందరికీ ఉంటుంది,
కొలిమి మొహం చూడనివాళ్ళకి కూడా.
ఆ మాట చెబితే ఆయన కాసేపు ఆలోచించి
"అయితే ఒక ముక్క తీయించడం మర్చిపోయారన్నమాట" అన్నాడు.

డాక్టర్ ఇచాసో ఉర్కియోలా తెర మీద గీత గీస్తుంది.
నుదుటి పైనుంచి లోపలికి,
ఈ నాళాన్ని తప్పించి, ఆ మడతని తప్పించి.
వెంట్రుకవాసి అటైతే కన్ను పక్కకి లాగుతుంది,
ఇటైతే మాట ముద్దకడుతుంది,
ఇంకాస్త దిగితే కారణం లేని ఏడుపు.
గీత నాది కాదు.
గీతకి కావలసిన చీకటిని
చెదరకుండా అందించడం వరకే నా పని.

అందరూ కాఫీ కప్పు అడుగుతారు, చొక్కా గుండీ అడుగుతారు.
ఆయన పేకాట అడిగాడు.
మా ఊళ్ళో ముస్ ఆడేటప్పుడు
జతగాడికి ముక్కలు నోటితో చెప్పరు.
కింది పెదవి కొరికితే రెండు రాజులు,
నాలుక కొస చూపితే రెండు ఆసులు,
కన్ను గీటితే ముప్ఫయ్యొకటి,
రెండు కళ్ళూ మూస్తే చేతిలో ఏమీ లేదు.
ఇరవయ్యేళ్ళ జతగాడు ఫెర్మిన్
పోయిన చలికాలం ముక్కలు బల్ల మీద పడేసి లేచిపోయాడట,
"గోడతో జత కట్టి ఆడలేను" అని.

ఆపరేషన్ రోజు ఆయన మెలకువగానే ఉన్నాడు,
తల చట్రంలో బిగించి.
నెలల పేర్లు వెనక్కి చెప్పమన్నారు,
ఆగస్టు దగ్గర రెండుసార్లు తప్పాడు.
తీగ దిగుతుంటే స్పీకర్లోంచి ఆయన కణాలే చిటపటలాడాయి.
ఏమిటా చప్పుడని ఎవరూ చెప్పకముందే
"రేకు మీద వాన" అన్నాడు.
సాయంత్రం కొత్త బొమ్మని పాత బొమ్మ మీద పరిచి చూశాం.
తీగ కొస నలుపు నడుమ ఉంది.
నేను ఇంటికి నడిచే వెళ్ళాను ఆ రోజు, బస్సున్నా.

నెల తర్వాత కరెంటు పెట్టారు.
మొదట నాలుక మందమైంది, తగ్గించారు.
ఎడమకాలు జివ్వుమంది, మార్చారు.
మూడోసారికి
బల్ల మీది చెయ్యి
ఎవరో పిలిస్తే ఆగినట్టు ఆగింది.

ఆయన చేతిని చూసుకోలేదు.
తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చూశాడు.
అదే మొహం, అదే గడియ.
తర్వాత మెల్లగా
రెండు కళ్ళూ మూశాడు.

"అలసటగా ఉందా?" అంది డాక్టర్.
ఆవిడది సముద్రం అవతలి ఊరు, పేకాట రాదు.

నాకు ముస్ వచ్చు.
నేనేమీ అనలేదు.